సెకండ్ హ్యాండ్ బేస్ గిటార్ గారికి మాజీ ఓనరు రాయునది

మహారాజశ్రీ సెకండ్ హ్యాండ్ బేస్ గిటార్ గారి సముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ, అంటే బీరువా పక్కన, తమరి నెక్ వంకర పోకుండా ఉన్నదని తలుస్తాను. మొన్నటి వానల తర్వాత మూడో తీగ కొంచెం బుసకొడుతున్నట్టు అనిపించింది. వీలు చూసుకుని నెక్ లోపలుండే ఇనుప కడ్డీ, అదే ట్రస్ రాడ్, ఒక పావు వంతు తిప్పుతాను, ఆందోళన పడవద్దు.

ఒకే గదిలో ఉంటూ ఉత్తరం ఏమిటని తమరికి అనుమానం రావచ్చు. ఎదురుబదురుగా మాట్లాడాలంటే తమర్ని చేతిలోకి తీసుకోవాలి. తీసుకున్నాక వాయించాలి. మా సర్కిల్‌లో ఆ అలవాటు లేదని తమరికి తెలుసు. మేం కొంటాం, అమ్ముతాం, మిగతా టైమంతా దాని గురించి మాట్లాడుకుంటాం. వాయించడమంటారా, కొనేముందు ఐదు నిమిషాలు, అమ్మేముందు వీడియో కోసం రెండు నిమిషాలు.

ఆ వీడియో ముచ్చట ఒకటి చెప్పాలి. తమరి లావు తీగను ఊరికే మీటితే సెకనుకు 41 సార్లు ఊగుతుంది. అంత కింది స్వరం సెల్‌ఫోన్ స్పీకర్‌కు అందదు, అది పలికేదంతా పైపై పొట్టే. అమ్మేవాడు ఫోన్లో తీసి పంపుతాడు, కొనేవాడు ఫోన్లోనే వింటాడు. వినపడేది తీగ ఫ్రెట్టుకు, అంటే నెక్ మీది లోహపు గీతకు, తగిలిన టకటక, వెనకాల కుక్కర్ విజిల్. వెంటనే జవాబు వెళ్ళిపోతుంది: "టోన్ అదిరింది అన్నా." ఒకసారి నేను కూడా అలాగే రాశాను. అవతలివాడు "సారీ బ్రో, అది మ్యూట్‌లో వెళ్ళింది, మళ్ళీ పంపుతా" అన్నాడు.

తమరిని అమ్మకానికి పెట్టేటప్పుడు వాడే భాషకు నిఘంటువు వేయాలి. పాత కార్ల వాళ్ళకు "డాక్టర్ గారి బండి, సింగిల్ ఓనర్" ఎలాగో, మాకు "చర్చిలో ఆదివారం మాత్రమే వాయించింది" అలాగ. ఈ మాట పుట్టించినవాడెవడో ఆదివారం పూట సికింద్రాబాద్ చర్చి ఏదీ చూసినట్టు లేడు. పొద్దున తెలుగు ఆరాధన, తర్వాత ఇంగ్లీషుది, మధ్యలో యూత్ ప్రాక్టీసు, సాయంత్రం మళ్ళీ ఒకటి. ఆ గిటార్ ఒక్క ఆదివారం పడే చాకిరీ మా గిటార్లు ఏడాదంతా కలిపినా పడవు. "ఇంట్లో వాడింది మాత్రమే" అంటే అక్షరాలా నిజం, మంచం కింద వాడాం. "అర్జెంట్ సేల్" అంటే మూడు నెలలుగా అర్జెంటు. "ధర ఫిక్స్‌డ్, టైమ్‌పాస్ వాళ్ళు వద్దు" అని రాసినదాని కిందే మొదటి ప్రశ్న పడుతుంది: "లాస్ట్ ఎంత బ్రో?" అడిగినవాడికి కొనే ఉద్దేశం ఉండదు. చెప్పేవాడికి అమ్మే ఉద్దేశమూ ఉండదు. తన దగ్గరున్న సరుకు విలువ ఎంత పెరిగిందో తెలుసుకుని సంతోషిద్దామని పెట్టాడంతే.

తీగలు తుప్పు పట్టి ఉంటే దానికీ ఒక శాస్త్రం ఉంది. అమెరికాలో మోటౌన్ కంపెనీ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కు తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రతీతి. ఆ మహానుభావుడు కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితో అన్ని పాటలూ నడిపించాడు. అది మా వల్ల కాదు కాబట్టి తీగలు మార్చకపోవడం దాకా నేర్చుకున్నాం.

ఇక తమరి వంశం. పెళ్ళి సంబంధాలకు కూడా ఇంత విచారణ జరగదు. లియో ఫెండర్ కాలిఫోర్నియాలో ప్రెసిషన్ బేస్‌ని బయటికి తెచ్చింది 1951లో, జాజ్ బేస్‌ని 1960లో. 1965 జనవరిలో ఆయన కంపెనీని సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మేశాడు. దాంతో 1964 డిసెంబరులో పుట్టిన గిటార్‌ది ఒక గోత్రం, 1965 ఫిబ్రవరిలో పుట్టినదానిది ఇంకో గోత్రం అయిపోయింది. అదే చెక్క, అదే కార్ఖానా, చాలావరకు అవే చేతులు. అయినా సరే, 'ప్రీ సీబీఎస్', అంటే ఆ అమ్మకానికి ముందుది, అనగానే మాలో గొంతు తగ్గించి మాట్లాడతారు, గర్భగుడి ముందు నిలబడ్డట్టు. ఈ విషయం మీద నేను గంటన్నర ఆపకుండా వాదించగలను. అప్పటి బేస్‌ని నేను చూసింది మాత్రం ఫోటోలోనే.

ఫింగర్‌బోర్డు, అంటే నెక్ మీద వేళ్ళతో తీగలు నొక్కే చెక్క, దగ్గర ఇంకో తకరారు. బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే కళ్ళకద్దుకుంటారు. ఆ చెక్క అంతర్జాతీయ వ్యాపారాన్ని 1992లో దాదాపు ఆపేశారు, దాంతో దాని విలువ ఇంకా పెరిగింది. 1960ల మధ్య నుంచి ఫెండర్ వాళ్ళు ఎక్కువగా వాడింది ఇండియా రోజ్‌వుడ్. అంటే మన దక్షిణాది అడవుల్లో పెరిగిన చెట్టు ఓడెక్కి కాలిఫోర్నియా వెళ్ళి, నాలుగు తీగలు కట్టుకుని, కస్టమ్స్ కట్టి మన ఊరొస్తే, మావాడొకడు దాన్ని వాసన చూసి "ఆ... ఇండియన్ రోజ్‌వుడ్డేనా" అని పెదవి విరిచాడు. వాడిది మైసూరు.

ఇదంతా పెద్దింటి వాళ్ళ గొడవ. తమరు జపాన్ వారు, పేరు కూడా సరిగ్గా మిగలని జాజ్ బేస్ నకలు. తమరికి అంటగట్టిన బిరుదు 'లాసూట్ ఎరా', అంటే కోర్టు కేసు కాలం నాటిదని. ఈ బిరుదు వెనక ఉన్నది ఒకే ఒక్క కేసు. 1977లో అమెరికా గిటార్ కంపెనీ గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్, అమెరికాలో జపాన్ వారి ఐబనెజ్ గిటార్లు అమ్మే కంపెనీ మీద వేసింది. తగాదా గిటార్ తలకాయ ఆకారం గురించి. కోర్టు బయటే రాజీ అయిపోయింది. ఫెండర్ నకళ్ళకూ దానికీ ఏ సంబంధం లేదు. అయినా ఆనాటి జపాన్ గిటార్లన్నీ తామే బోనెక్కి సాక్ష్యం చెప్పినట్టు ఇవాళ్టికీ ఆ కేసు పేరు మీద రేటు వసూలు చేస్తున్నాయి. మన దగ్గర సివిల్ కేసు నడిచే స్థలానికి ధర తగ్గుతుంది. గిటార్లకు పెరుగుతుంది.

అల్వాల్ సంగతికి వస్తాను. తమరు మంచం కింద ఉన్నారు కాబట్టి సగమే విని ఉంటారు.

ప్రకటనలో ఫోటోలు మసగ్గా ఉన్నాయి. "70ల జపాన్ పీస్, లాసూట్ ఎరా, 48 వేలు ఫిక్స్‌డ్." శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. ఇరవై రెండేళ్ళ కుర్రాడు తలుపు తీసి "రండి అంకుల్" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా బేరమాడే శక్తి సగం పోయింది. వాళ్ళమ్మగారు టీ తెచ్చి, "తీసుకెళ్ళిపోండి బాబూ, అది అక్కడుంటే మంచం కిందకి చీపురు దూరట్లేదు" అన్నారు. కుర్రాడు "అమ్మా!" అన్నాడు. ఆవిడ ఆగలేదు. "దానికి అసలు సౌండ్ వస్తుందో రాదో కనుక్కుని తీసుకోండి. వీడు రోజూ గీకుతాడు గానీ నాకెప్పుడూ వినపడలేదు."

వాళ్ళింట్లో ఆంప్లిఫయర్ లేదు. అది పోయిన నెలే అమ్మేశాడట, ఇంకో బేస్ కొనడానికి.

నేను పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. వడ్రంగి చెక్కను చూసినట్టు ఒక కన్ను మూసి నెక్ పొడుగునా చూశాను. అలా చూస్తే ఏం తెలుస్తుందో పదిహేనేళ్ళుగా నాకు తెలియదు, "ఊఁ" అనడం మాత్రం వచ్చు. అన్నిటికన్నా సన్నదైన జి తీగ మీద ఐదారు ఫ్రెట్ల దగ్గర స్వరం తొందరగా చచ్చిపోతోంది. డెడ్ స్పాట్ అంటారు, ఈ రకం బేస్‌లన్నిటికీ ఎంతో కొంత ఉండేదే. అయినా రిపోర్టు చూసిన డాక్టరులాగా తల అడ్డంగా ఊపాను, రెండు వేలు తగ్గుతుందేమోనని. తర్వాత తూకం. బాత్రూమ్‌లో ఉండే తూనిక తెప్పించి, తమరితో ఒకసారి, తమరు లేకుండా ఒకసారి ఎక్కాను. తమరు 4.6 కిలోలు. నా బరువు కూడా బయటపడింది, కుర్రాడు మర్యాదగా పక్కకు చూశాడు.

అప్పుడు కనపడింది ఆ కన్నం. సన్న తీగకు కింద, పిక్‌గార్డ్ అనే పలక అంచున, కొంచెం వంకరగా దిగినది, చుట్టూ పెయింటు పెచ్చు లేచినది.

"ఇదేంటి?" అన్నాను.

"అదే అంకుల్ దీని స్పెషాలిటీ" అన్నాడు కుర్రాడు. "పాత ఫెండర్లకు వేళ్ళు ఆనించుకునే చెక్క కింద వైపు ఉండేది. 1974 ప్రాంతంలో పైకి మార్చారు. ఈ కన్నం కింద ఉంది కదా, అంటే అంతకు ముందు మోడల్ చూసి చేసిన పీస్ అన్నమాట. పైగా చెన్నైలో రికార్డింగులకు వాయించిందట ఇది. ఇళయరాజా గారి దగ్గర అంటారు గానీ నేను గ్యారంటీ ఇవ్వను."

అతను గ్యారంటీ ఇవ్వకపోవడం నన్ను కదిలించింది. ఎందుకంటే ఆ కన్నం పెట్టింది నేను. 2009లో, నల్లకుంటలో, బాల్కనీలో, పక్కింటి అల్మరాల పనికి వచ్చిన వడ్రంగి దగ్గర డ్రిల్ అడుక్కుని. బొటనవేలు ఆనించుకోవడానికి చెక్కముక్క బిగిద్దామనుకుని, గిటార్‌ని ఒళ్ళో తిప్పి పెట్టుకున్నందువల్ల పైన పెట్టాల్సిన కన్నం కింద పెట్టాను. ఆ సిగ్గుతోనే మర్నాడు తమర్ని అమ్మకానికి పెట్టాను. 18 వేలకు వైజాగ్ కాలేజీ కుర్రాడికి, బస్సు పార్సిల్‌లో, రెండు బొంతలు చుట్టి.

ఆ తర్వాత తమరు విజయవాడ ఆర్కెస్ట్రాకు వెళ్ళారని, అక్కడి నుంచి బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఆయన దగ్గరికి, ఆయన అమెరికా వెళ్తూ ఇంకెవరికో ఇచ్చారని చెదురుమదురుగా విన్నాను. చేతులు మారిన ప్రతిసారీ నా కన్నానికి చరిత్ర ఒక అంగుళం పెరిగింది. చెన్నై మాత్రం ఎక్కడ తగిలిందో అర్థం కాలేదు. రైలు అటుగా వెళ్ళిందేమో.

నిజం చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ అలా చెబితే ఆ కన్నం మామూలు కన్నమైపోతుంది, తమరు 18 వేల గిటార్ అయిపోతారు. అప్పుడు నేను కొని ప్రయోజనం? కొత్త గిటార్‌ని కార్ఖానాలోనే గీకి, పెయింటు ఊడగొట్టి, 'రెలిక్' అని పేరు పెట్టి ఎక్కువ రేటుకు అమ్మే పద్ధతి 1990ల నుంచే ఉంది. స్టీలు బిందె మీద పేరు కొట్టించుకునే జాతి మనది, బిందెకు సొట్ట కొట్టించి డబ్బిచ్చేవాడు మన వైపు ఇంకా పుట్టలేదనుకునేవాణ్ణి. పుట్టాడు. 45 వేలకు ఖాయం చేసుకున్నాడు. ఆటోలో తమర్ని ఒళ్ళో పెట్టుకుని అల్వాల్ నుంచి ఇంటికి వచ్చాడు.

మా ఆవిడ తలుపు తీసి, కవర్ విప్పకుండానే, "మళ్ళీ ఎందుకు తెచ్చారు?" అంది. నేను "ఇది కొత్తది, జపాన్‌ది" అన్నాను. ఆవిడ జిప్పు లాగి, వేలితో ఆ కన్నం తడిమి, "ఇది పెట్టిన రోజే కదా డ్రిల్ చివర విరగ్గొట్టి ఆ వడ్రంగికి మూడొందలు కట్టాం" అంది. సీరియల్ నంబరు అక్కర్లేదు, నెక్ ప్లేటు విప్పక్కర్లేదు. మా సర్కిల్‌లో ఇంత కచ్చితంగా ఏ గిటార్‌నీ గుర్తుపట్టిన నిపుణుడు లేడు. ఎంత పడిందని అడిగింది. పన్నెండు వేలన్నాను. మిగతా ముప్ఫై మూడు వేలు ఎక్కడి నుంచి తెచ్చానో ఈ ఉత్తరంలో రాయను, ఇది ఎవరి చేతిలోనైనా పడవచ్చు.

ఆ ఆదివారం సాయంత్రం మా వీధి చివర చర్చిలో వాయించే తమ్ముడు వచ్చాడు. అతని దగ్గర ఒకటే బేస్, వాల్యూమ్ నాబు ఊడితే ఇన్సులేషన్ టేపు చుట్టాడు. తమర్ని తీసుకుని నిలబడే ఐదు నిమిషాలు వాయించాడు. కిటికీ అద్దం సన్నగా అదిరింది, వంటింట్లో గిన్నె మీద మూత కూడా పలికింది. ఆ ఐదు నిమిషాలూ తమరు వేరే మనిషిలా ఉన్నారు. "బాగుందన్నా" అని తమర్ని నాకిచ్చేసి, ప్రాక్టీసుకు టైమైందని వెళ్ళిపోయాడు. పికప్పులు ఏవని అడగలేదు. బరువెంతని అడగలేదు. ఆ కన్నాన్ని చూశాడు, ఏమీ అనలేదు. నాకు కొంచెం అవమానంగానే అనిపించింది.

అందుచేత విన్నవించుకునేది ఏమనగా, తమరిని మళ్ళీ అమ్మకానికి పెట్టాను. 55 వేలు, ఫిక్స్‌డ్. చరిత్ర అంతా వివరంగా రాశాను. చెన్నై కూడా ఉంది, తీసేస్తే ముందు ఓనరును అవమానించినట్టు ఉంటుందని.

ఇట్లు,
తమరి రెండవ మరియు ఏడవ ఓనరు

తా.క.: రేపు పదకొండు గంటలకు మల్కాజిగిరి నుంచి ఒకాయన చూడటానికి వస్తున్నాడు. ఆంప్లిఫయర్ పక్కింట్లో పెట్టించాను. కన్నం గురించి అడిగితే నేను మాట్లాడతాను. మా ఆవిడను ఆ టైముకు కూరగాయలకు పంపాలి.