అవ్వలను పింఛనుకు తీసుకుపోయే అక్కలు క్రైస్తవ సంఘాల లెక్కలోకి రారా?

పాలమూరు, నల్లగొండ వైపు క్రైస్తవుల సేవ అనగానే మనవాళ్లు ఎత్తేది మిషనరీల ముచ్చటే. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చి నల్లగొండలో పనిచేసిన అబ్రహాం ఫ్రీసెన్, ఆ తర్వాత దేవరకొండ, వనపర్తి, జడ్చర్ల దాకా విస్తరించిన మెన్నొనైట్ బ్రెదరన్ అనే క్రైస్తవ శాఖ మిషన్, జడ్చర్లలో వాళ్ల ఆసుపత్రి. అది గొప్ప సేవే, కాదనను. కానీ ఎంతసేపూ ఆ కథే చెప్పుకుంటే ఇవాళ పక్కింట్లో జరిగేది కంటికి ఆనదు.

కోస్గి, మద్దూరు, మక్తల్ వైపు ఊళ్లలో రెక్కల్లో బలమున్నవాళ్లు ముంబైకో పుణెకో హైదరాబాద్‌కో వలస పోతారు, ముసలోళ్లు ఇంటికాడ ఉంటారు. మొన్నమొన్నటిదాకా ఆసరా పింఛను 2016 రూపాయలు చేతికి రావాలంటే వేలిముద్ర పడాల్సి వచ్చేది. బతుకంతా నాట్లేసి, కలుపు తీసి, మట్టి మోసిన వేళ్లకు గీతలు ఎక్కడ మిగులుతాయి? ఒక వేలు పెడితే పడేది కాదు, కొంగుతో తుడుచుకుని ఇంకో వేలు పెడితే అదీ పడేది కాదు, వెనక లైన్లో వాళ్లు తొందరపెడుతుండేవాళ్లు, అవ్వకు టెన్షన్‌తో చెయ్యి వణికేది. ఆ పక్కన నిలబడి, తడిగుడ్డతో వేలు తుడిచి, మెల్లగా నొక్కి పట్టే మనిషి చాలాసార్లు క్రైస్తవ సంఘంలో ఒక అక్క అయి ఉండేది. ఆ రోజు కూలి వదులుకుని వచ్చిన మనిషి. సేవ చేస్తున్నానని కూడా అనదు, "మా వాడకట్టు అవ్వే కద సార్" అంటుంది.

మర్రిగూడ వైపు అయితే ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిపోయినవాళ్లు ఉన్నారు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చాయి, మంచిదే, కానీ వంగిన ఎముక మళ్లీ తిన్నగా కాదు, వాళ్లను లేపి కూర్చోబెట్టడానికి, స్నానం చేయించడానికి రోజూ ఒక మనిషి కావాలి.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఈ పనులు చేసే విశ్వాసులు చాలావరకు మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్లే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా లేదు, మన దగ్గర వాళ్లను వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపులో (బీసీ-సీ) పెట్టారు. అంటే ఉన్నవాళ్లు లేనివాళ్లకు చేసే దానం కాదిది, ఇచ్చే చేతులూ ఖాళీవే. వండుకునేముందు పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టి ఆదివారం గుడికి తెచ్చే ఆడవాళ్లను చూస్తే ఇది అర్థమవుతుంది. ఒకప్పుడు తమను గడప తొక్కనియ్యని ఇంటి ముసలమ్మకు కూడా అదే మనసుతో అన్నం పెట్టేవాళ్లున్నారే, నా దృష్టిలో దాన్ని మించిన సాక్ష్యం ఏ స్టేజీ మీదా వినబడదు.

మరి సంఘాలు ఏం చేస్తున్నాయి? మహాసభలకు, ఫ్లెక్సీలకు, సౌండ్ బాక్సులకు చందాలు ఎత్తుతున్నాయి. సభలు వద్దని కాదు, కానీ కానుక డబ్బు ముందు ఎటు పోవాలన్నది విశ్వాసానికి సంబంధించిన ప్రశ్నే. ఆకలిగొన్నవాడికి పెట్టింది నాకు పెట్టినట్టే అన్నాడు యేసు, స్టేజీ గురించి ఆ మాట అనలేదు.

అన్నం పెట్టి, వెంటనే "వచ్చే వారం ప్రార్థనకు రా" అనేవాళ్లూ ఉన్నారు, దాచాల్సిన పని లేదు. అలా అడిగిన క్షణం అవ్వకు ఆ అన్నం అప్పు అయిపోతుంది. యేసు చెప్పిన కథలో సమరయుడు దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడి కులం, మతం అడగలేదు, సత్రం ఖర్చు కట్టి తన దారిన పోయాడు. మతమార్పిడి అని వేలెత్తి చూపేవాళ్లకు జవాబు చెప్పేముందు ఈ ఒక్కటి మన దగ్గర సరిచేసుకోవాలి.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. ఊళ్లో ఒంటరిగా ఉన్న ముసలోళ్ల పేర్లు, ఏ మతంవాళ్లయినా సరే, సంఘంలోని స్త్రీల సమాజం దగ్గర రాసి ఉండాలి. పింఛను రోజుల్లో, ఆసుపత్రికి పోయే రోజుల్లో ఆటో కిరాయి కానుకల్లోంచి కట్టాలి. వెంట పోయే అక్కకు ఆ రోజు కూలి కూడా సంఘమే ఇవ్వాలి, ఆమె వద్దన్నా సరే.