చెప్పాపెట్టకుండా వచ్చే ఫోన్ కాల్ గారికి

మహారాజశ్రీ ఫోన్ కాల్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమసమాచారాలు మెసేజ్ ద్వారా మాత్రమే తెలుసుకోగోరుతున్నాం.

చెప్పాపెట్టకుండా మోగే మీ అలవాటు ఇంకా పోలేదు. ఫోన్ మా చేతిలోనే ఉంటుంది. తెర మీద పేరు కనిపిస్తూనే ఉంటుంది. బాగా తెలిసిన మనిషే, మంచి మనిషే. అయినా గుండె ఝల్లుమంటుంది. ఎవరికైనా ఏమైనా అయిందా? అప్పు అడుగుతారా? లేక ఊరికే మాట్లాడదామని చేశారా? ఈ మూడోది మరీ టెన్షన్. మీరు మోగి మోగి ఆగేదాకా ఊపిరి బిగబట్టుకుని చూస్తాం. ఇంకాసేపు ఆగి, “సారీ, ఇప్పుడే చూశాను, ఏంటి సంగతి?” అని మెసేజ్ పెడతాం. మర్యాద అంటే అదీ.

అయినా మిమ్మల్ని అని ఏం లాభం, మీ పుట్టుకే అలాంటిది. 1876 మార్చి 10న గ్రాహంబెల్ మీలోంచి పలికిన మొదటి మాట, “మిస్టర్ వాట్సన్, ఇలా రండి, మిమ్మల్ని చూడాలి” అని. ఆయన సహాయకుడు వాట్సన్ ఉన్నది పక్క గదిలో. అంటే కుదురుగా ఉన్న మనిషిని లేపి రప్పించడానికే మీరు పుట్టారు. పక్క గదిలో ఉన్నవాళ్లని మేమూ పిలుస్తున్నాం, మెసేజ్ పెట్టి. వాళ్లు లేచి రారు, ఒక బొటనవేలు పంపి ఊరుకుంటారు. ఎవరికీ ఇబ్బంది లేదు.

ల్యాండ్‌లైన్ రోజుల్లో మీ దర్జా అంతా ఇంతా కాదు. ఎక్స్ఛేంజి నుంచి సుమారు 90 వోల్టులు తీగ వెంట వచ్చి గంటని వాయించేవి. ఇంట్లో కరెంటు పోయినా మీకు లెక్కలేదు, అక్కడ 48 వోల్టుల బ్యాటరీలు మీ సేవలో ఉండేవి. మీరు మోగితే తడి చేతులతో ఒకరు, సగం గీసిన గడ్డంతో ఇంకొకరు పరిగెత్తుకొచ్చేవాళ్లు. చేసింది ఎవరో తెలియదు, ఎవరి కోసమో తెలియదు. అయినా పరుగే! మీరు మనిషికి కాదు, ఇంటికి వచ్చేవారు. స్నేహితుడితో మాట్లాడాలంటే ముందు వాళ్ల నాన్నగారికి హాజరు వేయించుకోవాలి: ఎవరు నువ్వు, ఎవరబ్బాయివి, పరీక్షలెలా రాశావు. స్నేహితురాలితో అయితే, ఆ మొదటి ప్రశ్న దగ్గరే రిసీవర్ పెట్టేసిన వీరులు ఎందరో. తీగ ఎంత పొడవుంటే ఏకాంతం అంత. ఇంటిల్లిపాదీ పేపరు చదువుతున్నట్టు నటిస్తూ, ఇటువైపు మాటలు విని అటువైపువి అల్లుకునేవాళ్లు. చాలావరకు సరిగ్గానే అల్లేవాళ్లు కూడా.

మిమ్మల్ని అనుమానించడం మాతోనే మొదలు కాలేదు. ఆపరేటర్ కలిపితే తప్ప కాల్ కలవని రోజుల్లో, అమెరికాలో ఆల్మన్ స్ట్రౌజర్ అని అంత్యక్రియల వ్యాపారి ఒకాయన ఉండేవాడు. తన గిరాకీని ఆపరేటర్ పోటీవాడికి మళ్లిస్తోందని మండిపడి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి కనిపెట్టాడని చెప్పుకుంటారు. కథ ఎంత నిజమో గానీ, 1891లో వచ్చిన పేటెంటు మాత్రం నిజం. మధ్యలో మనిషి అక్కర్లేదని ఆయన తేల్చాడు. అవతలి చివర కూడా అక్కర్లేదని తేల్చడానికి మాకు ఇంకో నూరేళ్లు పట్టింది.

ఆ ముహూర్తం 1992 డిసెంబరు 3. నీల్ పాప్‌వర్త్ అనే ఇంజినీరు, రిచర్డ్ జార్విస్ ఫోనుకి తన కంప్యూటర్ నుంచి “మెర్రీ క్రిస్మస్” అని పంపాడు. అదే మొదటి ఎస్సెమ్మెస్. అందుకున్నాయన తిరిగి మెసేజ్ పెట్టలేదు, ఆ ఫోనులో టైపు చేసే వీలే లేదు మరి. చూసి ఊరుకోవడమనే మా గొప్ప సంప్రదాయం మొట్టమొదటి మెసేజ్‌తోనే మొదలైందన్నమాట. ఆయనకైనా ఒక కారణం ఉంది.

మీరు తీగ తెంచుకుని వీధిన పడ్డ సంగతీ మాకు తెలుసు. 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి మోటరోలా ఇంజినీరు మార్టిన్ కూపర్ చేతిలో పట్టుకునే మొబైల్ నుంచి మొదటి కాల్ చేశాడు. చేసింది ఆలికి కాదు, అమ్మకి కాదు, పోటీ సంస్థలో ఇదే పని చేస్తున్న జోయెల్ ఎంగెల్‌కి. ఉడికించడానికి! ఆ పని ఇప్పుడు స్టేటస్‌లు చూసుకుంటున్నాయి. 1983లో అమ్మకానికి అనుమతి దొరికిన ఆ ఫోను బరువు సుమారు 800 గ్రాములు. పది గంటలు చార్జింగ్ పెడితే అరగంట మాట్లాడుకోవచ్చు. ఇప్పుడు బ్యాటరీ రోజంతా వస్తుంది, అరగంట మాటలే దొరకవు. 2002లో ప్రపంచం మొత్తమ్మీద మొబైళ్లు ల్యాండ్‌లైన్లని దాటేశాయి. ఇప్పుడు లోకంలో మనుషుల కన్నా మొబైల్ కనెక్షన్లే ఎక్కువ. ఇన్ని ఉన్నా ఎత్తేవాడు లేడు.

మీ స్థానంలో వాయిస్ మెసేజ్‌ని నియమించుకున్నాం. ఇందులో అవతలివాళ్లు మాటకి అడ్డురారు. మేం నాలుగు నిమిషాలు మాట్లాడి పంపితే, వాళ్లు పళ్లు తోముకుంటూ రెండింతల వేగంతో విని, ఇంకో నాలుగు నిమిషాలు పంపుతారు. అందులో సగం మా మొదటి మాట అర్థం కాలేదని. ఇలా మధ్యాహ్నానికల్లా విషయం ఒక కొలిక్కి వస్తుంది. మీరైతే ఐదు నిమిషాల్లో తేల్చిపారేసేవారు. ఆ తొందరే మాకు గిట్టదు.

ఇప్పుడు మిమ్మల్ని నమ్ముకున్నవాళ్లు ఎవరయ్యా అంటే, లోన్ కావాలా అని అడిగేవాళ్లు, ఓటీపీ చెప్పమని అడిగేవాళ్లు. ఇక అమ్మలు. వాళ్లది వేరే లెక్క. వాళ్లకి మెసేజ్ పెడితే, మెసేజ్ ఎందుకు పెట్టావని ఫోన్ చేస్తారు.

అసలు గొడవ ఇంకోటి ఉంది, అదీ చెప్పేస్తాం. మీ పాత తీగ మోసింది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జుల మధ్య ఉన్న శబ్దాన్నే, అంతకన్నా బొంగురువీ సన్ననివీ వదిలేసేది. ‘స’ అన్నారో ‘ఫ’ అన్నారో సరిగ్గా తెలిసేది కాదు, పేర్లు అక్షరం అక్షరం విడదీసి చెప్పాల్సి వచ్చేది. అంత నాసిరకం సరుకులో కూడా, అవతలి మనిషి అలిగిన సంగతి, ఇప్పుడే ఏడ్చి ముఖం కడుక్కున్న సంగతి ఒక్క ‘హలో’తో బయటపడిపోయేది. మెసేజ్‌లో ‘బాగున్నా’ అని రాస్తే బాగున్నట్టే లెక్క, పక్కన ఒక నవ్వు ముఖం పెడితే రసీదు కూడా ఇచ్చినట్టే. మీ దగ్గర ఆ పప్పులు ఉడకవు. మేం మాట కూడబలుక్కునే లోపే గొంతు వెళ్లి చెప్పేస్తుంది. “ఏమైంది, అలా ఉన్నావేం?” అని అటునుంచి ప్రశ్న వస్తుంది. అప్పుడు మేం ఏం చెప్పాలి? చెప్పకుండా ఎలా ఉండాలి? ఇంత ప్రమాదకరమైన వస్తువుని రోజంతా జేబులో పెట్టుకు తిరుగుతున్నాం, సైలెంట్‌లో పెట్టక ఏం చేస్తాం?

కాబట్టి ఇకమీదట తమరు రాదలచినప్పుడు ముందుగా “ఖాళీయేనా?” అని ఒక మెసేజ్ పంపించి, మా జవాబు వచ్చేదాకా వేచి ఉండవలసిందిగా కోరుతున్నాం. ఖాళీగానే ఉంటాం. ఆ సంగతి మాత్రం రేపు చెబుతాం.

ఈ లేఖ మీద అభ్యంతరాలుంటే అవి కూడా మెసేజ్‌గానే పెట్టండి. చదివినట్టు చూపించే నీలం టిక్కులు తీసేశాం గనక, చదివామో లేదో అని తమరు ఆందోళన పడనక్కర్లేదు.

ఇట్లు,
ప్రస్తుతం స్పందించని చందాదారులు