అడిగితే చాలదు, జవాబు రాసివ్వాలి

విధాన రూపకల్పనలో యువతకు భాగస్వామ్యం కల్పిస్తామని చెప్పని నాయకుడు ఈ రోజుల్లో కనిపించడు. జాతీయ యువజన దినోత్సవం పేరిట ఏటా జనవరి 12న ఆ మాట ఊరూరా మారుమోగుతుంది. 2025 జనవరిలో ఢిల్లీలోని భారత్ మండపంలో ‘వికసిత్ భారత్’ యువ నేతల సంవాదం జరిగింది. అదే ఏడాది నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం సందర్భంగా అమరావతిలో విద్యార్థులు మాక్ అసెంబ్లీ నిర్వహించి, అధికార పక్షంగా, ప్రతిపక్షంగా విడిపోయి ముచ్చటగా వాదించుకున్నారు. ఆ పిల్లల వాగ్ధాటికి మురిసిపోయినవారిలో నేనూ ఉన్నాను. అయితే మురిపెం వేరు, పాలన వేరు. యువత చేసిన ప్రతి సూచనకు ఆమోదమో తిరస్కారమో, దానికి కారణమేమిటో గడువులోగా రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత ప్రభుత్వానికి లేనంతకాలం ఇలాంటి సంవాదాలు ఎన్ని జరిగినా శాఖల వార్షిక నివేదికల్లో చోటు సంపాదించుకుంటాయే తప్ప, విధానాల్లో కాదు.

తిరుపతిలో ఇలాంటి సదస్సులకు కొదవలేదు. 1954లో పుట్టిన ఎస్వీ విశ్వవిద్యాలయం మొదలు మహిళా, సంస్కృత, పశువైద్య విశ్వవిద్యాలయాలు, ఏర్పేడు దగ్గరి ఐఐటీ, ఐసర్ దాకా ఇన్ని ఉన్నత విద్యాసంస్థలు చుట్టూ ఉన్న ఊరిలో సభకు జనాన్ని సమీకరించడం ఏమంత కష్టం కాదు. ఆ మధ్య ఒక కళాశాలలో జరిగిన యువజన సదస్సుకు వెళ్లాను. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, వక్తల పరిచయాలు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దగ్గరపడింది. ప్రశ్నలను ముందే చీటీల మీద రాయించుకున్నారు. ఒక అధ్యాపకుడు వేదిక పక్కన నిలబడి వాటిని ఏరుతూ కొన్నింటిని పైన పెట్టారు, కొన్నింటిని మడిచి జేబులో వేసుకున్నారు. సత్యవేడు వైపు నుంచి రోజూ వచ్చిపోయే ఒక అమ్మాయి చీటీ ఎలాగో ఆ వడపోత దాటింది. మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక సాయంత్రం పల్లెవెలుగులో కాలు మోపే చోటు ఉండటం లేదని, కళాశాలలు వదిలే వేళకు అదనంగా ఒక బస్సు వేయాలని ఆమె రాసింది. వేదిక మీది అధికారి మంచి సూచన అంటూ మెచ్చుకుని, నోట్ చేసుకున్నామన్నారు. ఆ అమ్మాయి కూర్చోలేదు. “రాసుకున్నారు సరే సార్, ఆ కాగితం యాడికి పోతాది?” అని అడిగింది. హాలంతా నవ్వింది, అధికారి కూడా నవ్వారు. ఆ తర్వాత గ్రూపు ఫొటో, భోజనాలు.

నవ్వి వదిలేయాల్సిన ప్రశ్న కాదది. తిరుపతి, చిత్తూరు కలెక్టరేట్లలో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒక వృద్ధుడు పింఛను కోసం అర్జీ పెట్టుకుంటే దానికొక నంబరు పడుతుంది. అది ఏ శాఖకు వెళ్లిందో తెలుస్తుంది. గడువులోగా ఆ శాఖ ఏదో ఒకటి చెప్పి తీరాలి. ఆ పరిష్కారాల నాణ్యత మీద ఫిర్యాదులు బోలెడున్నాయి, అది వేరే కథ. కాగితానికి ఒక దారి అంటూ ఏర్పడి ఉందన్నదే ఇక్కడ ముఖ్యం. బస్సు పాసు రాలేదని అదే అమ్మాయి సోమవారం నాడు అర్జీ ఇస్తే రసీదు చేతికొస్తుంది. బస్సుల వేళలు నిర్ణయించే పద్ధతే సరిగా లేదని సదస్సులో చెబితే చప్పట్లు వస్తాయి. వ్యక్తిగత కష్టాన్ని విన్నవించుకునేవారిని మన పాలనా యంత్రాంగం గుర్తిస్తుంది, విధానం గురించి ఆలోచించేవారిని గుర్తించదు. సంవాదానికి ఒక పద్ధతి ఉండాలని నేననడం ఈ తేడాను చెరిపేయడం కోసమే.

పద్ధతి అనగానే ఐరోపా ఉదాహరణ ముందుకొస్తుంది. ఐరోపా సమాఖ్య 2010 నుంచి వ్యవస్థీకృత సంవాదం పేరుతో, 2019 నుంచి యువ సంవాదం పేరుతో నడుపుతున్న ఏర్పాటులో ఒక్కో విడత 18 నెలలు సాగుతుంది. సభ్య దేశాల్లో యువజన బృందాలు అభిప్రాయాలు సేకరించి మంత్రుల స్థాయికి చేరుస్తాయి. 2018లో ప్రకటించిన 11 యువజన లక్ష్యాలు అలా రూపొందినవే. నిజానికి నన్ను ఆకట్టుకున్నది అది కాదు, ఎందుకంటే ఆ సంవాదంలో తేలినది మంత్రులను కట్టడి చేయదు. అంతకంటే పాతదీ గట్టిదీ స్ట్రాస్‌బర్గ్‌లోని కౌన్సిల్ ఆఫ్ యూరప్‌లో (ఇది ఐరోపా సమాఖ్య కాదు, వేరే సంస్థ) 1970ల నుంచి ఉన్న సహ నిర్వహణ పద్ధతి. అక్కడ యువజన సంఘాల ప్రతినిధులు 30 మంది, ప్రభుత్వాల ప్రతినిధులు ఒకేచోట కూర్చుని యువజన రంగానికి సంబంధించిన కార్యక్రమాలను, ఖర్చు ప్రాధాన్యాలను కలిసి నిర్ణయిస్తారు. సలహా ఇచ్చి పక్కకు తప్పుకోవడం వేరు, నిర్ణయంలో చేయి కలపడం వేరు.

అంత దూరం పోనక్కర్లేదనుకుంటే మన దగ్గరే ఒక సూత్రం కాగితం మీద ఉంది. ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని కూడా వెబ్‌సైట్‌లో పెట్టాలని కేంద్రం 2014లోనే నిర్ణయించింది. దాన్ని చట్టం చేయకుండా విధానంగా వదిలేశారు కనుక పాటించే శాఖ పాటిస్తుంది, పాటించని శాఖ పాటించదు. ఇదే నియమాన్ని జిల్లా స్థాయిలో, యువతకు సంబంధించిన నిర్ణయాలకు తప్పనిసరి చేస్తే ఖజానా మీద పడే భారం దాదాపు సున్నా.

అడగకపోవడం వల్ల జరిగే నష్టం ఏమిటో చూద్దాం. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలతో పాటు వచ్చిన వాలంటీర్ వ్యవస్థలోకి రెండున్నర లక్షల మందికి పైగా తీసుకున్నారు; వారిలో అత్యధికులు యువతీ యువకులే. నెలకు ఐదు వేల గౌరవ వేతనం మీద ఇంటింటి గడప తొక్కిన ఆ పిల్లలకు ఏ పథకం ఎవరికి అందుతోందో, ఎక్కడ దారి తప్పుతోందో ఏ ఐఏఎస్ అధికారి కంటే బాగా తెలుసు. వారి అనుభవం నుంచి విధానం నేర్చుకునే ఏర్పాటు మాత్రం ఆ వ్యవస్థలో లేదు. ఒక ప్రభుత్వం వారి కాళ్లను వాడుకుంది, తర్వాతి ప్రభుత్వం వారిని పక్కన పెట్టింది. వారి బుర్రలతో ఇద్దరికీ పని పడలేదు.

మరో ఉదాహరణ ఇంకా విచిత్రమైనది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తివేసింది. జనాభా తగ్గుదల గురించి ముఖ్యమంత్రి పదేపదే హెచ్చరిస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో సంతానోత్పత్తి రేటు 1.7 మాత్రమే కాబట్టి ఆ ఆందోళనలో పస ఉంది. అయితే కనాల్సిందీ పెంచాల్సిందీ ఇప్పుడు ఇరవైల్లో ఉన్నవాళ్లు. శ్రీసిటీలో షిఫ్టు పని చేసి అద్దె గదికి చేరే అమ్మాయి పెళ్లిని ఎందుకు వాయిదా వేస్తోందో, ఒక్క బిడ్డతో ఎందుకు చాలించుకోవాలనుకుంటోందో ఆమెను కూర్చోబెట్టి అడగకుండా జనాభా విధానం రాయబూనడం ఎలా సాధ్యమో నాకు అర్థం కాదు. చిత్తూరు తోతాపురి మామిడి సంగతీ అంతే. 2025లో ధర పడిపోయినప్పుడు గుజ్జు పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా లెక్క తేల్చారు. ఆ సీజను గట్టెక్కడానికి అది సరే. చెట్లు ఉంచాలా కొట్టేసి వేరే పంట వేయాలా అని పదేళ్లకు సరిపడా ఆలోచించుకోవాల్సిన రైతు కొడుకుకు, కూతురుకు ఆ చర్చల్లో కుర్చీ లేదు. తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా) మాస్టర్ ప్లాన్ల మీద అభ్యంతరాలు ఇచ్చేదీ ప్రధానంగా భూమి ఉన్నవాళ్లే. సెంటు భూమి లేని ఇరవై ఏళ్లవారే ఆ ప్లాన్ కింద అందరికంటే ఎక్కువ కాలం బతకాలి.

చట్టం దారి మూసేసిందా అంటే, లేదు. గ్రామంలో 18 ఏళ్లు నిండి ఓటరు జాబితాలో చేరిన ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిపి ఘనంగా చెప్పుకున్నాం. ఆ రోజు శుక్రవారం. పని దినాన పగటి పూట సభ పెడితే ఆ ఊరి యువత తిరుపతి కళాశాలల్లోనో, శ్రీసిటీ కర్మాగారాల్లోనో, బెంగళూరు, చెన్నై గదుల్లోనో ఉంటుంది. పలమనేరు మీదుగా నంగిలి దగ్గర కర్ణాటకలోని కోలారు జిల్లాలో అడుగుపెడితే పరిస్థితి కొంత భిన్నం. కర్ణాటక పంచాయతీల్లో పిల్లల కోసమే విడిగా మక్కళ గ్రామసభ పెట్టే ఆనవాయితీ ఏళ్ల తరబడి ఉంది. ఓటు హక్కు లేని పిల్లలను పక్క రాష్ట్రం పిలిచి కూర్చోబెడుతుంటే, ఓటున్నవాళ్లకు వీలైన వేళ సభ పెట్టడం మనకు చేతకాదా?

ముందు అడగకపోతే యువత తర్వాత రోడ్డు మీదకొచ్చి అడుగుతుంది. 2025 ఫిబ్రవరిలో గ్రూప్-2 మెయిన్స్ ముంగిట రిజర్వేషన్ల రోస్టర్ (ఏ పోస్టు ఏ వర్గానికన్న వరుస) లోపాలు సరిచేయాలని అభ్యర్థులు వీధికెక్కారు. వాయిదా వేయాలని ప్రభుత్వం ఆఖరి నిమిషంలో లేఖ రాసింది, కమిషన్ ఫిబ్రవరి 23నే పరీక్ష పెట్టింది, నడుమ నలిగింది అభ్యర్థులు. నోటిఫికేషన్‌కు ముందే అభ్యర్థుల ప్రతినిధులతో ఒక పూట కూర్చుని రోస్టర్ వివరించి, అభ్యంతరాలకు రాతపూర్వక జవాబిచ్చి ఉంటే ఆ గందరగోళంలో సగమైనా తప్పేది.

ప్రతినిధులు అన్నాను కదా, అసలు చిక్కు అక్కడే ఉంది. యువత తరఫున మాట్లాడేదెవరు? ఇప్పుడైతే ప్రిన్సిపాల్ ఎంపిక చేసిన, వక్తృత్వ పోటీలో బహుమతి గెలిచిన, ఏ ఇబ్బందికర ప్రశ్నా వేయడని నమ్మకం కలిగించిన విద్యార్థి. ఆ విద్యార్థి తప్పేమీ లేదు కానీ, అతడు ఎవరికీ జవాబుదారీ కాడు; కాగితం ఎక్కడికి పోయిందని తోటివారు అతణ్ని నిలదీయలేరు. తనవాళ్లు ఎన్నుకున్న ప్రతినిధికి మాత్రమే తిరిగి వెళ్లి సమాధానం చెప్పుకోవాల్సిన అవసరం, అందువల్ల అధికారిని వదలకుండా వెంటపడాల్సిన అవసరం ఉంటాయి. కనుక ఈ చర్చ ఎటు తిప్పినా విద్యార్థి సంఘ ఎన్నికల దగ్గరికే చేరుతుంది. రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల్లో మూడు దశాబ్దాలకు పైగా ఆ ఎన్నికలు లేవు.

ఈ మాట తిరుపతి నుంచి చెప్పడానికి ప్రత్యేక కారణముంది. చంద్రబాబు నాయుడు ఎస్వీ విశ్వవిద్యాలయంలో విద్యార్థి రాజకీయాల్లో ఓనమాలు దిద్దుకున్నారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఇదే ఊళ్లో ఎస్వీ వైద్య కళాశాల హౌస్ సర్జన్ల సంఘానికి నాయకత్వం వహించారు. ముప్పై నిండకముందే, 1978లో, ఒకరు చంద్రగిరి నుంచి, మరొకరు పులివెందుల నుంచి శాసనసభలో అడుగుపెట్టారు. రాష్ట్ర రాజకీయాలను దశాబ్దాల పాటు శాసించిన ఇద్దరూ వయసులో ఉండగా తిరుపతి క్యాంపస్‌ల గాలి పీల్చినవారే; ఇద్దరి ప్రభుత్వాలూ విద్యార్థులకు ఆ ఎన్నికలను తిరిగి ఇవ్వలేదు. తామెక్కి వచ్చిన నిచ్చెనను ఎవరు లాగేసినా అడిగే హక్కు కింద ఉన్నవాళ్లకు ఉంటుంది.

ఎన్నికలంటే కులాల కుమ్ములాటలు, పార్టీల పెత్తనం, కొట్లాటలు అని తల్లిదండ్రులు భయపడతారు. ఒకప్పుడు క్యాంపస్‌లలో నెత్తురు చిందిన మాట వాస్తవమే, ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఎన్నికలు ఆగినంత మాత్రాన పార్టీల అనుబంధ సంఘాలు పోయాయా? నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు క్యాంపస్ గేట్ల దగ్గర ఆగాయా? పోయింది బ్యాలెట్ పెట్టె ఒక్కటే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి, అక్కడ చదువులేమీ అటకెక్కలేదు.

పైగా పాత రోజులకు, ఇప్పటి రోజులకు మధ్య విద్యార్థి సంఘ ఎన్నికలపై నియమాలు సూచించిన లింగ్డో కమిటీ ఉంది. 2006 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అమలు చేయమన్న ఆ సిఫార్సుల ప్రకారం అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, హాజరు 75 శాతం ఉండాలి, నేర చరిత్ర ఉండకూడదు, అచ్చు పోస్టర్లు వేయకూడదు. మన శాసనసభ ఎన్నికలకు ఇందులో సగం షరతులు పెట్టినా సంతోషించేవాళ్లం. ప్రచారం, పోలింగ్ అన్నీ కలిపి పది రోజుల్లో ముగించాలని, విద్యా సంవత్సరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు ఎన్నికలు జరపాలని కూడా కమిటీ చెప్పింది. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నత విద్యాశాఖ ఉత్తర్వు చాలు. జూన్‌లో ఆ ఉత్తర్వు వస్తే ఆగస్టు నాటికి ఎస్వీయూలో ఎన్నికైన సంఘం ఉంటుంది. సెప్టెంబరులో దాని ప్రతినిధులను కలెక్టరు పిలిచి బస్సుల వేళల మీద, హాస్టళ్ల మీద, తుడా ప్లాన్ మీద సూచనలు తీసుకుని, ఒక్కో దానికి నంబరు వేసి, 60 రోజుల్లో సంతకంతో జవాబివ్వవచ్చు.