కమాను కాదు, పత్రిక కట్టిద్దాం

చదువుకున్న కాలేజీకి ఏదైనా చెయ్యాలనగానే మనకు తోచేది ముఖద్వారానికి కమాను. లేకపోతే ఆడిటోరియానికి ఏసీలు, దాని గోడకు మన పేర్లతో శిలాఫలకం. అమెరికాలో ఉంటున్న మన గుంటూరు, విజయవాడ పూర్వ విద్యార్థుల సంఘం ఏ ఊళ్లో కలిసినా ఇవే మాటలు. నేనడిగేదానికి ఇందులో పదో వంతు కూడా ఖర్చు కాదు: విద్యార్థులు సొంతంగా నడుపుకునే ఆన్‌లైన్ పత్రిక, అది పదేళ్ల తర్వాత కూడా తెరుచుకునే ఏర్పాటు.

కష్టం ఆ రెండోదే. మన పిల్లలకు పత్రిక మొదలుపెట్టడం చేతకాక కాదు. ఒకడు సైటు తయారు చేస్తాడు, ఒకమ్మాయి కథలు దిద్దుతుంది, ఇంకొకడు ఇంట్లో అడిగి డొమైన్‌కు, అంటే సైటు పేరుకు, డబ్బు కడతాడు. రెండేళ్లు బ్రహ్మాండంగా నడుస్తుంది. తర్వాత ఫైనలియర్, ప్లేస్‌మెంట్లు, బెంగళూరు. రెన్యువల్ కట్టమన్న మెయిల్ కాలేజీ ఇచ్చిన పాత అడ్రసుకు వెళ్తుంది, దాన్నేమో కాలేజీ ఎప్పుడో తీసేసింది. గడువు దాటిన కొన్ని వారాలకు ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. మన కుర్రాళ్లు కవితలు పెట్టుకున్న చోట రమ్మీ ఆట ప్రకటన వెలుస్తుంది. ఉచితంగా దొరికిన చోట పెట్టుకున్నా అదే గతి. జియోసిటీస్ 2009లో మూసేశారు, ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో. వెబ్ పేజీల కాపీలు తీసి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్ కొంత దాచిపెడుతుంది కానీ, లాగిన్ చేస్తే గాని కనపడనివి దానికి అందవు.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో తంటా. అన్ని భాషల అక్షరాలనూ ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన డీటీపీ సెంటర్లు ఇంగ్లిషు అక్షరాల చోట తెలుగు ఆకారాలు పెట్టే పాత అను ఫాంట్లను వదల్లేదు. ఆ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ నెట్‌లో పెడితే కంటికి చక్కగానే ఉంటుంది. వెతికితే మాత్రం ఒక్క మాట తగలదు, కాపీ చేసి అతికిస్తే పిచ్చి గీతలు.

అచ్చు మ్యాగజైన్ల కాలమే బంగారమని నేననను. ప్రిన్సిపాల్ సందేశం, కరస్పాండెంట్ సందేశం, ఎన్‌సీసీ గ్రూపు ఫొటో, సగం పుస్తకం వాటికే సరి. అయినా మిగిలిన సగంలో ఎవరో ఒకరి మొదటి పద్యం ఉండేది. విశ్వనాథ సత్యనారాయణ గారు బెజవాడ ఎస్సారార్ కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో ఎన్టీఆర్ మీసం తీయకుండా ఆడవేషం కట్టి మీసాల నాగమ్మ అనిపించుకున్న ముచ్చట మనందరికీ తెలుసు. ఆయన తర్వాత ఎన్టీఆర్ అయ్యారు కాబట్టి తెలుసు. ఆ రోజు అదే స్టేజీ మీదున్న మిగతా కుర్రాళ్ల ముచ్చట ఎవరు దాస్తారు? పేరు రానివాళ్ల కోసమే కాలేజీ పత్రిక.

కాగితానికీ చావుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ ఇళ్లలోకి వచ్చినప్పుడు పుస్తకాల బీరువాలు చూసి ఆగలేదు. నాగార్జున యూనివర్సిటీ 1967లో ఆంధ్రా యూనివర్సిటీ వారి పీజీ సెంటరుగా మొదలై, 1976లో విశ్వవిద్యాలయమైంది. ఆ సెంటర్లో మొదట చదివినవాళ్లకు ఇప్పుడు ఎనభై దగ్గర పడుతోంది. వాళ్ల అటకల మీదున్న సంచికలు స్కాన్ చెయ్యాలంటే ఇప్పుడే.

మనం ఉంటున్న దేశంలో చూడండి. ఎంఐటీ విద్యార్థుల పత్రిక ది టెక్ 1881లో పుట్టి, 1993లోనే వెబ్‌కెక్కింది. పాత సంచికలన్నీ ఇవాళ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. స్టాన్‌ఫర్డ్ డైలీ 1973లో యూనివర్సిటీ నుంచి విడిపోయి సొంత సంస్థగా నిలబడింది. యూనివర్సిటీ అధ్యక్షుడి పరిశోధన పత్రాల్లో తేడాలున్నాయని అందులో మొదటి ఏడాది కుర్రాడు రాస్తే, విచారణ వేశారు. అధ్యక్షుడు స్వయంగా మోసం చేసినట్టు ఆ విచారణ తేల్చలేదు గాని, పత్రాల్లో లోపాలున్నాయంది. 2023 జులైలో ఆయన రాజీనామా ప్రకటించారు. మన దగ్గర వీసీ సంగతి దేవుడెరుగు, హాస్టల్ సాంబారు గురించి పేరు పెట్టి రాయమనండి! ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో పిల్లలకు బాగా తెలుసు.

అందుకే ఈ పత్రిక కాలేజీ సర్వర్ మీద ఉండకూడదంటాను. డొమైన్ పదేళ్లకు ఒకేసారి కట్టేసి, పూర్వ విద్యార్థుల ట్రస్టు పేరున ఉంచాలి. పాస్‌వర్డ్ ఆ ఏటి సంపాదకుడి దగ్గరా, ట్రస్టులో ఒకరి దగ్గరా ఉండాలి. రాతంతా యూనికోడ్‌లో సాగాలి. ఏడాదికోసారి మొత్తం కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌కీ, ఇంకొకటి కాలేజీ లైబ్రరీకీ వెళ్లాలి.

ఇలాంటివి పెడితే కులాల గొడవలు మొదలవుతాయని మనలో పెద్దలంటారు. అవి వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పుడో మొదలయ్యాయి, అక్కడ చేతులు మారే ఫార్వర్డులకు మొదట రాసినవాడి పేరు కూడా ఉండదు. పత్రికలో రాసినవాడి పేరుంటుంది, దిద్దేవాళ్లుంటారు, తప్పైతే సవరణ వేయించవచ్చు.

ఇక మన సంఘం వంతు. డబ్బివ్వడం వరకే. అధ్యక్షుల వారి ఫొటో వద్దు, శుభాకాంక్షల పేజీ వద్దు, ఎవరి అబ్బాయి కవితనో వేసుకోమని ఫోన్లు అసలే వద్దు. మన సంఘం మీదే ఘాటుగా సంపాదకీయం రాసినా ఆ ఏటి డబ్బు ఆపకూడదని ఒప్పంద పత్రంలో మొదటి షరతుగా రాసుకోవాలి.