కాలువగారి ఆంతరంగిక జీవితం

గుంటూరులో మా వీధి చివర మురుగు కాలువకు కూడా ఆంతరంగిక జీవితం ఉన్నదని ఇన్నాళ్లూ గ్రహించనందుకు ముందుగా క్షమాపణ చెప్పుకొంటున్నాను. ఆ కాలువలో పూడిక తీసినట్లు బిల్లు చెల్లించిన కార్యాలయానికి 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఎంత పూడిక తీశారు, ఎంత చెల్లించారు, చేసిన పనిని కొలిచి రాసే కొలతల పుస్తకంలో సంతకం ఎవరిది అని మూడే ప్రశ్నలు అడిగాను. చట్టం విధించిన గడువును గౌరవిస్తూ సరిగ్గా 30వ రోజున, కోరినది వ్యక్తిగత సమాచారమనీ, సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇవ్వ వీలుకాదనీ జవాబు వచ్చింది. పూడిక ఎవరికి వ్యక్తిగతమో అందులో లేదు. అదీ వ్యక్తిగతమే కాబోలు.

పూర్వం ఈ మాట అనడం ఇంత తేలిక కాదు. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేనిదైతేనో, ఒకరి ఏకాంతంలోకి అకారణంగా చొరబడేదైతేనో తప్ప వ్యక్తిగతమని తోసిపుచ్చరాదనీ, శాసనసభకు కాదనలేనిదాన్ని సామాన్యుడికీ కాదనరాదనీ 2005 నాటి సమాచార హక్కు చట్టంలో ఉండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని 44(3) సెక్షన్ ఆ షరతులన్నిటినీ ఎత్తివేసి, 'వ్యక్తిగత సమాచారం' అన్న రెండు మాటలు మిగిల్చింది. మా కాలువకు జరగని పూడికతీత చట్టానికి జరిగిందన్నమాట. సమాచార హక్కు చట్టంలోనే ప్రజాప్రయోజనం పెద్దదైతే ఇవ్వవచ్చుననే 8(2), దాచవలసిన భాగం తీసివేసి మిగిలినది ఇవ్వమనే 10వ సెక్షన్ ఇప్పటికీ ఉన్నాయి గాని, కూలీల ఖాతా నంబర్ల మీద నల్ల సిరా పూయడం కన్నా ఫైలంతా బీరువాలో పెట్టి తాళం వేయడమే తక్కువ శ్రమ.

ఈ గోప్యతా నిష్ఠకు పులకించిన సాయంత్రమే బ్రాడీపేటలో మిరపకాయ బజ్జీలు కొన్నాను. పొట్లం విప్పితే, ఏదో పథకం దరఖాస్తుకు జతచేసిన ఒక ముసలమ్మ ఆధార్ జిరాక్స్. ఫొటోతో సహా 12 అంకెలూ నూనెలో తడిసి మరింత స్పష్టంగా కనబడుతున్నాయి. 2017లో తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది ఈవిడ కోసం కాదు, మా కాలువ కోసమేనని అప్పుడు అర్థమైంది. ఆ కాగితాన్ని బజ్జీల పొయ్యిలోనే వేసి, ఆమె గోప్యతను ప్రభుత్వం తరఫున నేనే కాపాడాను.

మొదటి అప్పీలు వేశాను. అయితే కార్యాలయాల కాగితాలు ఏ దారిన బయటికి వస్తాయో తెలిసింది కనుక, రోజూ సాయంత్రం అదే బండి దగ్గర బజ్జీలు కొంటున్నాను. కొలతల పుస్తకం ఇంకా రాలేదు.