స్మార్ట్‌ఫోన్‌లో 2జీ ఎవరి కోసం?

తిరుపతి గాంధీ రోడ్డులో ఇవాళ ఒక 5జీ ఫోన్ కొని, సిమ్ వేసి, ఏ మార్పూ చేయకుండా జేబులో పెట్టుకుంటే, ఆ ఫోన్ కొత్త టవర్లతో పాటు 2జీ టవర్ పిలిచినా పలకడానికి సిద్ధంగానే ఉంటుంది. 2జీ అంటే 1991లో ఫిన్లాండ్‌లో వాణిజ్య సేవగా మొదలైన జీఎస్‌ఎం. మన దేశంలో 1995 జూలై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన తొలి మొబైల్ కాల్ ఆ సాంకేతికత మీద నడిచినదే. అంత పాత ఏర్పాటు నేటి ఫోన్‌లో ఇంకా ఎవరి కోసం తెరిచి ఉందన్నది, ఫోన్ నంబరే బ్యాంకు తాళంచెవిగా మారిన ఈ కాలంలో ప్రతి ఇంట్లో అడగవలసిన ప్రశ్న. స్మార్ట్‌ఫోన్ ఉన్నవారు, తమ ప్రాంతంలో 4జీ నిలకడగా అందుతుంటే, 2జీని ఆపివేయడం మంచిదని నా అభిప్రాయం. ఆ పనిని వినియోగదారు నెత్తిన వేయకుండా ఫోన్ తయారీదారులే చేసి ఇవ్వాలని కూడా నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే 2జీ నెట్‌వర్క్‌నే దేశమంతటా మూసివేయాలన్న వాదనతో నేను ఏకీభవించను. ఫోన్‌లో ఆపడం, టవర్‌లో ఆపడం అనే ఈ రెండింటినీ కలగాపులగం చేసి మాట్లాడడం వల్లే మన దగ్గర ఈ చర్చ ముందుకు సాగడం లేదు.

2జీలో ప్రమాదకరమైన లోపం దాని పరిచయ పద్ధతిలో ఉంది. ఫోన్ ఒక టవర్‌ను పట్టుకున్నప్పుడు, సిమ్‌లో దాగిన రహస్య సంఖ్య ఆధారంగా తాను అసలైన చందాదారునని నిరూపించుకోవాలి. టవర్ మాత్రం తాను ఫలానా కంపెనీదానినని నిరూపించుకోనక్కరలేదు. 1980లలో ఈ ప్రమాణాలు రాసినవారి భయాలు వేరు. అంతకు ముందరి అనలాగ్ ఫోన్ల గుర్తింపును దొంగిలించి, ఇంకొకరి బిల్లు మీద మాట్లాడే మోసాలు అప్పట్లో పెద్ద సమస్య. టవర్ సామగ్రి కొనగలిగినవి టెలికాం సంస్థలే కాబట్టి, ఎవరో ఒకనాడు దొంగ టవర్‌ను కారు డిక్కీలో పెట్టుకుని ఊరంతా తిరుగుతారన్న ఊహకు ఆనాడు తావు లేదు. 3జీ నాటికి ఆ తప్పు తెలిసివచ్చి, ఫోన్, నెట్‌వర్క్ ఒకదానికొకటి నిరూపించుకునే పద్ధతి పెట్టారు. 4జీ, 5జీలు దానినే కొనసాగించాయి. ఇక 2జీ మాటలను గుప్తీకరించే, అంటే ఇతరులకు అర్థం కాకుండా మార్చే, ఏ5/1 అనే పద్ధతిది 64 బిట్ల చిన్న తాళం. దానిని ఛేదించడానికి కావలసిన పట్టికలను జర్మన్ పరిశోధకుడు కార్స్టెన్ నోల్ 2009 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన ఒక సదస్సులో బహిరంగపరిచారు. అంతకన్నా ఆందోళన కలిగించేది మరొకటి ఉంది. గుప్తీకరణే వద్దని టవర్ చెబితే, 2జీలో ఉన్న ఫోన్ మారుమాట లేకుండా ఒప్పుకుంటుంది, చాలా ఫోన్లలో తెర మీద ఆ సంగతి తెలిపే గుర్తు కూడా ఉండదు.

తమ ఫోన్‌లో ఎప్పుడూ 4జీ గుర్తే కనిపిస్తుందని, 2జీతో తమకు సంబంధమే లేదని చాలామంది అనుకుంటారు. నకిలీ టవర్ నడిపేవారికి కలిసివచ్చేది సరిగ్గా ఆ ధీమానే. వారు మొదట బలమైన 4జీ సిగ్నల్‌తో దగ్గర్లోని ఫోన్లను తమ వైపు లాగుతారు. 4జీలో పరస్పర నిరూపణ జరగాలి కనుక అక్కడ వారి ఆట ఎక్కువసేపు సాగదు. కానీ ఆ నిరూపణకు ముందే ఫోన్ స్వీకరించే ఆదేశాలు కొన్ని ఉన్నాయి, ఫలానా 2జీ ఫ్రీక్వెన్సీకి మారమన్న ఆదేశం వాటిలో ఒకటి. ఫోన్ ఆ మాట విని కిందికి దిగుతుంది. దిగిన చోట నిరూపణ అడిగే నాథుడు లేడు. బ్యాంకు పేరుతోనో, కొరియర్ సంస్థ పేరుతోనో ఒక ఎస్‌ఎంఎస్ వచ్చి పడుతుంది, కొన్ని క్షణాల్లో ఫోన్ మళ్లీ తన అసలు టవర్‌కు చేరుకుంటుంది. జేబులో ఉన్న ఫోన్‌లో ఇదంతా జరిగిపోయినా దాని యజమానికి తెలియదు. ఇలాంటి పరికరాలను ఎస్‌ఎంఎస్ బ్లాస్టర్లు అంటున్నారు. 2024 నవంబరులో బ్యాంకాక్‌లో పోలీసులు పట్టుకున్న ఒక వ్యానులోని పరికరం సుమారు 3 కిలోమీటర్ల పరిధిలో గంటకు లక్ష సందేశాలు పంపగలదని అప్పటి వార్తలు చెప్పాయి. లండన్‌లో 2025 మార్చిలో కారులో ఇలాంటి పరికరంతో తిరిగిన ఒక విద్యార్థికి అక్కడి న్యాయస్థానం ఏడాదికి పైగా జైలుశిక్ష వేసింది. ఫోన్‌లో 2జీ ఆపి ఉంటే ఈ వరుసలో రెండో మెట్టు విరిగిపోతుంది. నకిలీ 4జీ టవర్ ఫోన్‌ను కాసేపు ఇబ్బంది పెట్టగలదు, సిమ్ గుర్తింపు సంఖ్యను కూడా రాబట్టగలదు, కానీ ఈ దారిలో దొంగ సందేశాన్ని ఫోన్‌లోకి దింపలేదు.

మన దేశంలో దీని ప్రాముఖ్యం మరింత ఎక్కువని నేను అనడానికి కారణం ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం వ్యాపార సందేశాలు పంపే సంస్థలు తమ పేరును, సందేశాల నమూనాలను ముందుగానే నమోదు చేసుకోవాలి. నమోదు కాని సందేశాలను టెలికాం సంస్థలు మధ్యలోనే ఆపివేయాలి. 2024 సెప్టెంబరు నుంచి ఎయిర్‌టెల్ అనుమానాస్పద కాల్స్‌ను, సందేశాలను గుర్తించి హెచ్చరించే ఏర్పాటు కూడా చేసింది. ఇవన్నీ మంచి పనులే. కానీ ఈ కాపలా అంతా టెలికాం సంస్థ నెట్‌వర్క్‌లో ఉంది, బ్లాస్టర్ సందేశం ఆ నెట్‌వర్క్‌ను తాకనే తాకదు. వీధి వాకిట్లో కాపలా పెడితే దొంగ పెరటి గోడ దూకినట్టు, అది కారులోంచి నేరుగా ఫోన్‌లోకి వస్తుంది. పైగా పంపినవారి పేరును బ్యాంకు వాడే పేరుతో పెడితే, నిన్న బ్యాంకు పంపిన నిజమైన ఓటీపీ కిందనే, అదే వరుసలో, ఆ దొంగ సందేశమూ కనిపిస్తుంది. ఎంత జాగ్రత్తపరులైనా దానిని నమ్మకపోవడం కష్టం. మోసపోయినవారిని అమాయకులని నిందించడం మనకు అలవాటైపోయింది గానీ, ఇక్కడ తప్పు వారిది కాదు.

తిరుపతిలో నివసించేవారికి ఈ విషయం ఇంకొంత దగ్గరగా తగలాలి. రైల్వే స్టేషన్, దాని ఎదుటి విష్ణు నివాసం, బస్టాండు, శ్రీనివాసం వంటి యాత్రికుల వసతి గృహాలు, కొండ కింది అలిపిరి అన్నీ కలిపి చూస్తే, పరాయి ఊళ్ల నుంచి వచ్చిన వేలమంది చేతిలో ఫోన్ పట్టుకుని గది గురించో, దర్శన టోకెన్ గురించో, తిరుగు బస్సు గురించో ఒక సందేశం కోసం ఎదురుచూసే ప్రదేశం ఇంత చిన్న పరిధిలో మరెక్కడా ఉండదేమో. గది రద్దయింది, డబ్బు వాపసు కోసం ఈ లింకు నొక్కండి అన్న సందేశం ఆ క్షణంలో వస్తే, రాత్రంతా ప్రయాణం చేసి పిల్లలతో నిలబడి ఉన్న మనిషి నొక్కకుండా ఉంటాడా? ఇక్కడ నకిలీ టవర్ పట్టుబడిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. నకిలీ వెబ్‌సైట్ల గురించి టీటీడీ ఇప్పటికే పలుమార్లు హెచ్చరించవలసి వచ్చింది. మోసగాళ్ల దృష్టి యాత్రికుల మీద ఉందనడానికి అది చాలు. 3 కిలోమీటర్ల పరిధి అంటే ఈ ప్రదేశాలన్నీ దాదాపు ఒకే వృత్తంలోకి వచ్చేస్తాయి.

2జీ ఆపితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందన్న ప్రచారం గురించి ఒక మాట. జీఎస్‌ఎం ఫోన్ 900 మెగాహెర్ట్జ్ మీద గరిష్ఠంగా 2 వాట్ల శక్తితో సంకేతం పంపగలదు, 4జీ ఫోన్ సాధారణ గరిష్ఠం 0.2 వాట్లు. పాత ఫోన్ మోగబోయే ముందు పక్కనున్న రేడియో టక టకమని గరగరలాడేది ఆ సంకేతం వల్లే. అయినా 4జీ బాగా అందే చోట ఫోన్ 2జీని వాడదు కాబట్టి బ్యాటరీలో చెప్పుకోదగ్గ తేడా రాదు. ఈ పని చేయవలసింది భద్రత కోసం, బ్యాటరీ కోసం కాదు.

ఇక నెట్‌వర్క్ మూసివేత సంగతి. అమెరికాలో ఏటీ అండ్ టీ 2016 చివరికి, సింగపూర్ సంస్థలు 2017లో 2జీని ముగించాయి. మన దేశంలో 2016 సెప్టెంబరు 5న సేవలు మొదలుపెట్టిన జియోకు 2జీ అన్నదే లేదు. 2020లో, తొలి మొబైల్ కాల్‌కు పాతికేళ్లు నిండిన సందర్భంగా, దేశాన్ని 2జీ నుంచి విముక్తం చేయాలని ముకేశ్ అంబానీ పిలుపునిచ్చారు. 2జీ చందాదారులు లేని సంస్థ అధిపతి ఆ మాట అనడంలో వ్యాపార ప్రయోజనం ఉండడం సహజం. ఎయిర్‌టెల్ మాత్రం 3జీని 2020 నాటికే మూసి 2జీని ఉంచుకుంది. కొత్తది పోయి పాతది మిగలడం వింతగా తోచినా దానికి తగిన కారణం ఉంది. 3జీ ఫోన్ ఉన్నవారు 4జీకి మారిపోయారు, కీప్యాడ్ ఫోన్ ఉన్నవారు మారలేదు.

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో 2జీని బతికిస్తున్నవి కీప్యాడ్ ఫోన్లు మాత్రమే కాదు. బోరు మోటారు స్టార్టరు పెట్టెలో ఒక సిమ్ వేసి, ఇంటి దగ్గర నుంచే మిస్డ్ కాల్‌తో మోటారు వేసే రైతులు మనకు తెలుసు. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో చూసుకుంటూ అర్ధరాత్రి తోటకు నడిచి, పాములకు, ఏనుగులకు భయపడిన రోజులు పలమనేరు, కుప్పం వైపు రైతులకు బాగా గుర్తు. ఆ భయాన్ని తగ్గించిన మొబైల్ స్టార్టర్లలో చాలావాటికి 2జీ సిగ్నలే ఆధారం. చిల్లర దుకాణాల్లోని పాత స్వైపింగ్ యంత్రాలు, వాహనాల జాడ చెప్పే పరికరాలు కూడా దాని మీద ఆధారపడినవే. టవర్‌లో 2జీ ఆపితే వీరందరూ కొత్త పరికరాలు కొనాలి, ఆ ఖర్చు ఎవరిదో ఎవరూ చెప్పరు. నా ఫోన్‌లో నేను 2జీ ఆపుకుంటే ఏ రైతు మోటారూ ఆగదు.

తొందరపడి ఆపితే వచ్చే చిక్కు ఏమిటో నాకు సొంత అనుభవంలో తెలిసింది. భాకరాపేట దాటాక తలకోన దారిలో ఉన్న పల్లెలో మా పెద్దమ్మ ఉంటుంది. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆమె స్మార్ట్‌ఫోన్‌లో 2జీ ఆపి వచ్చాను. మూడో రోజు పక్కింటివాళ్ల ఫోన్ నుంచి ఆమె మాట: "ఫోన్లో ఏందో చేసి పోయినావు గదరా, రెండు దినాలుగా ఎవురూ ఫోన్ చేయలేదు." ఇంటర్నెట్ వస్తోంది, వాట్సాప్ పనిచేస్తోంది, మామూలు కాల్స్ మాత్రం రావడం లేదు. ఆ ఫోన్‌లో వోల్టీఈ, అంటే 4జీ మీదనే మాట్లాడే సౌకర్యం, ఆపి ఉంది. అది లేనప్పుడు కాల్ వస్తే ఫోన్ 4జీని వదిలి 2జీకి దిగి మాట్లాడుతుంది. దిగే మెట్టును నేను తీసేశాను, పైనే మాట్లాడే ఏర్పాటు ఉందో లేదో చూడలేదు. తప్పు పూర్తిగా నాది. ఒంటరిగా ఉండే మనిషి రెండు రోజులు ఎవరికీ అందకపోవడం చిన్న విషయం కాదు.

కాబట్టి ముందు వోల్టీఈ పనిచేస్తోందో లేదో చూడాలి. కాల్ మాట్లాడుతుండగా పైన 4జీ గుర్తు నిలిచి ఉంటే పనిచేస్తున్నట్టే. జియో వాడేవారికి ఈ చింత లేదు. బీఎస్‌ఎన్‌ఎల్ దేశీయ 4జీ 2025 సెప్టెంబరు 27న జాతికి అంకితమైనా, అన్ని పల్లెల్లో, అన్ని ఫోన్లలో కాల్స్ ఇంకా దాని మీద నడవవు కాబట్టి, ఆ సిమ్ ఉన్నవారు 3జీ ఇంకా అందే చోట దానిని వదలకుండా ఉంచుకోవడం మేలు. 3జీలో పరస్పర నిరూపణ ఉంది కనుక దానికి 2జీ అంత భయపడనక్కరలేదు. కొండ పల్లెల్లో, అడవి అంచుల్లో 2జీ తప్ప మరొకటి అందని వారికి ఈ వ్యాసంలోని సలహా వర్తించదు. ఘాట్ రోడ్డు మీద, శేషాచలం లోపల సిగ్నల్ తెగే చోట్లలో తాత్కాలికంగా 2జీని తెరుచుకోవడంలోనూ తప్పులేదు. ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో ఉండే 2జీ మీట ఆపి ఉన్నా అత్యవసర కాల్స్‌కు 2జీ వాడుకోవడానికి ఫోన్‌కు అనుమతి ఉంటుంది. ఆ మినహాయింపు ఫోన్ అత్యవసర నంబరుగా గుర్తించిన వాటికే కాబట్టి 112ను గుర్తుంచుకోవాలి.

ఈ మీటను గూగుల్ 2021లో ఆండ్రాయిడ్ 12తో తెచ్చింది. పిక్సెల్‌లో, సాంసంగ్ కొత్త ఫోన్లలో సిమ్ లేదా మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే 2జీని అనుమతించాలా అన్న వరుస కనిపిస్తుంది. 2025లో వచ్చిన ఆండ్రాయిడ్ 16లో అధునాతన రక్షణ (అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్) అనే సెట్టింగును ఎంచుకుంటే 2జీ దానంతటదే ఆగిపోతుంది. కానీ తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో ఇష్టమైన నెట్‌వర్క్‌ను ఎంచుకునే జాబితా ఒక్కటే ఉంటుంది, అందులో పైన ఏది ఎంచుకున్నా 2జీ అడుగున ఉండనే ఉంటుంది. యాపిల్ మరీ విచిత్రంగా వ్యవహరించింది. 2023 నాటి ఐఓఎస్ 17 నుంచి లాక్‌డౌన్ మోడ్ అనే కట్టుదిట్టమైన రక్షణ ఏర్పాటులో 2జీ ఆగుతుంది గానీ, ఆ మోడ్ పెట్టుకుంటే సందేశాలతో వచ్చే చాలా రకాల జోడింపులు, అపరిచితుల ఫేస్‌టైమ్ కాల్స్ వంటివి కూడా ఆగిపోతాయి. మామూలు గృహిణికి, ఉద్యోగికి అంత కట్టడి అవసరం లేదు. వారికి కావలసింది ఒక్క మీట.

ఆ మీట వెతుక్కోగలిగినవారికి మోసం నుంచి తప్పించుకునే దారులు ఇంకా ఉంటాయి. వెతుక్కోలేనివారికే రక్షణ అవసరం, వారి ఫోన్లలోనే 2జీ తెరిచి ఉంది. సిమ్‌లో వోల్టీఈ పనిచేస్తోందని ఫోన్‌కు తెలుసు, నెలల తరబడి 2జీ అవసరం పడలేదనీ తెలుసు. ఆ రెండూ నిజమైనప్పుడు తానే 2జీని ఆపి, అవసరమైతే తెరుచుకోమని యజమానికి తన భాషలో ఒక మాట చెప్పడం తయారీదారులకు కష్టమైన పని కాదు. దేశంలో అమ్మే ఫోన్లకు ఆ నిబంధన పెట్టడం టెలికాం శాఖకు కష్టం కాదు. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరులో 3జీ మూసినప్పుడు, అత్యవసర కాల్స్‌ను 4జీ మీద చేయలేని ఫోన్లను నెట్‌వర్క్‌లలోంచి తొలగించవలసి వచ్చింది. ఆ ఫోన్లు 4జీవేనని నమ్మి కొన్నవారు అప్పుడు గానీ అసలు సంగతి తెలుసుకోలేదు. ఏ కాల్ ఏ దారిలో వెళ్తుందో ఫోన్ అమ్మేటప్పుడే చెప్పి ఉంటే ఆ చిక్కు వచ్చేది కాదు, మన దుకాణాల్లోనూ ఇప్పటికీ ఎవరూ చెప్పడం లేదు.

పెద్దమ్మ ఫోన్‌లో వోల్టీఈని ఆ వారమే వెళ్లి ఆన్ చేశాను. మూడు గదుల్లోనూ నిలబడి కాల్ చేసి చూసుకున్నాక గానీ తిరిగి రాలేదు. 2జీని ఆపే ఉంచాను, ఇప్పుడు ఆమెకు కాల్స్ వస్తున్నాయి. ఇంటి వెనక మామిడి తోటలో ఆమె కొడుకు పెట్టిన మోటారు స్టార్టరు మరో సిమ్‌తో, అదే టవర్ నుంచి, 2జీ మీద పనిచేస్తోంది.