బస్సెక్కిన శాంపిల్‌తో మగవాడికి తీర్పా?

తెలుగువాళ్లుండే ఊళ్లలో, అటు ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి కానీ, ఇటు గోదావరి దాటాక మహారాష్ట్రలోని సిరొంచ, రాజురా కానీ, పిల్లలు లేని జంట డాక్టరు దగ్గరికి వెళ్తే పరీక్షలు మొదలయ్యేది ఎక్కువగా ఆడమనిషితోనే. స్కానింగులు, హార్మోన్ మాత్రలు అయ్యాక ఎప్పుడో భర్తకు వీర్య పరీక్ష రాస్తారు. సూది గుచ్చనక్కర్లేని చవక పరీక్ష చివర్లో రావడం ఒక తప్పు. దాన్ని చేసే తీరు అంతకంటే పెద్ద తప్పు.

శాంపిల్ తీసుకుని బయటికి పంపే కలెక్షన్ సెంటర్ మాత్రమే ఉన్న ఊళ్లో శాంపిల్ విశాఖకో, నాగపూర్‌కో వెళ్లాలి. రక్తం ట్యూబులతో పాటు ఈ డబ్బీని కూడా ఐసు పెట్టెలో పెడితే పరీక్ష అక్కడే చెడింది. వీర్యం 20 నుంచి 37 డిగ్రీల మధ్యే ఉండాలి. చలి తగిలితే శుక్రకణాల కదలిక పడిపోతుంది, చంద్రపూర్ మే ఎండలో బండి డిక్కీలో పెట్టినా పడిపోతుంది. చలనం అరగంటలో, ఎంత ఆలస్యమైనా గంటలోపు చూడాలి. నాలుగు గంటల తర్వాత చూసి ‘చలనం 10 శాతం’ అని రాస్తే, ఆ లోపం మనిషిదో ప్రయాణానిదో ఎవరు చెప్పగలరు?

కాబట్టి ల్యాబులోనే లోపల గడియ పెట్టుకునే గదిలో శాంపిల్ ఇవ్వడం మేలు. అంతకు ముందు 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండాలి. మామూలు కండోమ్, సబ్బు, నూనె వాడకూడదు. మొదటి చుక్కలు బయట పడిపోతే దాచకుండా చెప్పాలి, ఎక్కువ కణాలు ఉండేది అందులోనే. తెలుగు మాత్రమే వచ్చిన మనిషికి ఈ సూచనలు ఒడియాలోనో మరాఠీలోనో చెబితే సిగ్గుతో తలూపి వెళ్లిపోతాడు. కౌంటర్ దగ్గర తెలుగులో ఒక కాగితం అంటిస్తే ఏం పోయింది?

టెక్నీషియన్ పని అసలు ఇక్కడ మొదలవుతుంది. వీర్యం గడ్డదనం పోయి నీరుగా కరిగే దాకా ఆగి, బాగా కలిపి, 10 మైక్రోలీటర్ల చుక్కను 22 మిల్లీమీటర్ల చదరపు కవర్‌స్లిప్ (పల్చటి గాజు ముక్క) కింద 400 రెట్లలో చూడాలి. కౌంట్‌కు పలుచన చేసి న్యూబార్ చాంబర్‌లో (కణాలు లెక్కించే గళ్ల గాజు పలక) 200 కణాల చొప్పున రెండుసార్లు లెక్కించాలి. 400 లెక్కిస్తే పొరపాటు 10 శాతం లోపు. 25తో సరిపెడితే 40 శాతం దాకా పోవచ్చు. ‘60 మిలియన్, చలనం 70, ఆకృతి 80’ లాంటి అన్నీ సున్నాతో ముగిసే అంకెలు కనిపిస్తే నాకు అనుమానమే. రంగు వేసి కచ్చితంగా చూస్తే ఆకృతి సరిగా ఉన్నవి 4 శాతం దాటినా చాలు, 80 అన్నది కంటి అంచనా.

2021 ప్రపంచ ఆరోగ్య సంస్థ మాన్యువల్ ప్రకారం కనిష్ఠ హద్దులు ఇవి: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం చలనం 42 శాతం. ఏడాదిలోపు గర్భం వచ్చిన జంటల్లోని మగవాళ్లలో అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీతలివి. కిందికి జారినంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు.

ఒక్క చుక్క చూసి ‘నిల్’, అంటే కణాలే లేవని రాయడం మాత్రం క్షమించరానిది. శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పే యంత్రం) తిప్పి, అడుగున చేరింది వెతికాకే ఆ మాట రాయాలి. వీర్యంలో కనిపించే గుండ్రటి కణాలన్నీ చీము కణాలు కావు, ఇంకా శుక్రకణాలుగా ఎదగని పచ్చి బీజకణాలూ అలాగే కనిపిస్తాయి. తేడా తేల్చకుండానే యాంటీబయోటిక్ కోర్సు రాస్తారు.

మల్కన్‌గిరి, గడ్చిరోలి వంటి మలేరియా జిల్లాల్లో మరో సంగతి. శుక్రకణం తయారీకే దాదాపు 74 రోజులు పడుతుంది, ఆపైన బయటికొచ్చే దారిలో ఇంకొన్ని రోజులు. గట్టి జ్వరం వచ్చినవాడి కౌంట్ ఆ తర్వాత నెలల్లో పడిపోవచ్చు. జ్వరం ఎప్పుడు తగిలిందో రిపోర్టు మీదే రాయించి, మూడు నెలలు గడిచాక మళ్లీ శాంపిల్ ఇవ్వాలి, అదీ మొదట ఇచ్చిన ల్యాబులోనే.